ఏ కాలానికి ఏ సూప్? మన దగ్గర దొరికే కూరగాయలతో ఎంచుకునే తీరు

చాలా ఇళ్లల్లో సూప్ అంటే ఏడాది పొడుగునా ఒక్కటే రకం: నాలుగు టమాటలు, ఒక క్యారెట్, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, పైన మిరియాల పొడి. డిసెంబర్ రాత్రి అది మళ్లీ మళ్లీ పోయించుకుంటారు, అదే మే నెలలో పెడితే ఎవరూ ముట్టరు, దాంతో "మావాళ్లకు సూప్ ఎక్కదు" అని మొత్తానికే మానేస్తారు. మన వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఎండాకాలం 43, 44 డిగ్రీలు మామూలే, చలికాలంలో ఆదిలాబాద్ వైపు ఒక్క అంకెకు పడిపోతుంది, నడుమ మూడు నాలుగు నెలలు వానలు. ఇంత తేడా ఉన్నచోట పన్నెండు నెలలకూ ఒకే గిన్నె ఎలా నడుస్తుంది? పైగా టమాట కూడా ఏడాదంతా ఒక్కటి కాదు. చలికాలంలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి పండి ఎర్రబారినది చవకగా వస్తుంది, ఎండలు ముదిరాక మదనపల్లె వైపు నుంచి లారీల్లో వచ్చే గట్టి టమాట మీద ఆధారపడాలి, రేటు చూస్తే ఆరు కాయలు సూప్‌లో వేయడానికి చేయి రాదు.

అందుకని నేను చెప్పేది ఒకటే. ఏ కూరగాయ అన్నది తర్వాత, ముందు ఎంత చిక్కగా కావాలి, ఆ చిక్కదనం దేనితో వస్తుంది అన్నది తేల్చుకోండి. చలికి కడుపులో నిలిచేది కావాలి. వానలప్పుడు గొంతుకు వెచ్చగా తగిలి, తేలిగ్గా అరిగేది కావాలి. ఎండకు నీళ్లు, ఉప్పు అందితే చాలు, చిక్కదనం అసలు అక్కర్లేదు. ఇది తేలితే కూరగాయ దానంతట అదే తేలుతుంది, ఎందుకంటే ఆ కాలంలో రైతు బజార్‌లో కుప్పలు పోసి అమ్మేది చాలావరకు ఆ పనికి వచ్చేదే ఉంటుంది.

చిక్కదనం తెచ్చేవాటిలో అందరూ వాడేది కార్న్‌ఫ్లోర్. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, సూప్ హోటల్లోలాగా నిగనిగలాడుతుంది, రుచిని చెడగొట్టదు. కానీ అది ఉత్త పిండిపదార్థం, కడుపు నింపే బలం అందులో పెద్దగా లేదు, షుగర్ ఉన్నవాళ్లకు అసలే మంచిది కాదు. చల్లటి నీళ్లలో కలిపి పోయకపోతే ఉండలు కడుతుంది, పోశాక చాలాసేపు మరిగిస్తే మళ్లీ పలచబడుతుంది, నిమ్మరసం వేసి మరిగిస్తే ఇంకా తొందరగా పలచబడుతుంది. దాని బదులు గుప్పెడు పెసరపప్పు కూరగాయలతోపాటే కుక్కర్‌లో వేస్తే చిక్కదనానికి చిక్కదనం, మాంసకృత్తులకు మాంసకృత్తులు. ఒక్క లోపం ఏంటంటే టమాట సూప్ ఎరుపు తగ్గి పసుపు రంగులోకి తిరుగుతుంది, రంగు చూసి తినే పిల్లలు ఉంటే మొదట్లో సగమే వేయండి. ఆలుగడ్డ పిల్లలకు బాగా నచ్చుతుంది, మెత్తగా వస్తుంది, కాకపోతే మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే జిగటగా సాగుతుంది, అందుకే ఆలుగడ్డను విడిగా గంటెతో మెదిపి కలపడం మేలు.

మన ఇళ్లల్లో ఎప్పుడూ ఉండేవి ఇంకో రెండున్నాయి, వాటిని సూప్‌కు ఎవరూ తలుచుకోరు. ఒకటి మక్కపిండి, రెండోది జొన్నపిండి. రెండు గ్లాసుల సూప్‌కు ఒక చెంచా జొన్నపిండి నీళ్లలో కలిపి పోసి, సన్నటి మంట మీద పది నిమిషాలు కలుపుతూ ఉడికించండి. తొందరపడితే పచ్చివాసన పోదు, అందుకే కార్న్‌ఫ్లోర్ అలవాటైనవాళ్లు ఒకసారి చేసి వద్దనుకుంటారు. సరిగ్గా ఉడికితే అంబలి రుచి కాస్త తగులుతూ కమ్మగా ఉంటుంది. మక్కపిండి ఇంకా చిక్కబడుతుంది, చల్లారితే గడకలా గట్టిపడుతుంది కాబట్టి పలచగా ఉండగానే దింపేయాలి. బియ్యం వార్చే ఇల్లయితే గంజి ఉండనే ఉంది, బీరకాయ, సొరకాయ లాంటి చప్పటి కూరగాయలకు అది చాలు. ఇక గుమ్మడికాయ, క్యారెట్, పచ్చి బఠాణి అయితే ఉడికించి మిక్సీ పడితే వాటంతట అవే చిక్కగా వస్తాయి, ఇంకేమీ కలపొద్దు.

చలికాలం సంగతికి వద్దాం, సూప్‌కు అసలైన కాలం ఇదే. దీపావళి దాటిన దగ్గర నుంచి శివరాత్రి దాకా మార్కెట్‌లో ఏది పట్టుకున్నా సూప్‌కు పనికొస్తుంది, అందుకే ఎంచుకోవడం కష్టం కూడా ఇప్పుడే.

టమాటకే నా మొదటి ఓటు, కానీ పద్ధతి మార్చుకోండి. హైబ్రిడ్ టమాటలో గుజ్జు ఎక్కువ, పులుపు తక్కువ, నాటు టమాటలో రసం, పులుపు ఎక్కువ, గుజ్జు తక్కువ. ఒక్కదానితో చేస్తే ఏదో ఒకటి లోటుగా ఉంటుంది, నాలుగు హైబ్రిడ్‌కు రెండు నాటు కలిపితే నలుగురికి సరిపోయే సూప్ రుచిగా వస్తుంది. పులుపు తగ్గడానికి చక్కెర వేసే అలవాటు మానేసి సగం క్యారెట్, ఒక చిన్న ఉల్లిగడ్డ టమాటలతోపాటు ఉడికించండి, ఆ తీపి చాలు. రంగు కోసం బీట్‌రూట్ ముక్క వేస్తారు చాలామంది, అంతకంటే మంచిది మన చేతిలోనే ఉంది, అదే చపాటా మిర్చి. టమాటలా గుండ్రంగా, లావుగా ఉంటుందని దాన్ని టమాట మిర్చి అని కూడా అంటారు, ఘాటు తక్కువ, రంగు చాలా ఎక్కువ, 2025లో వరంగల్ చపాటా పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎండు చపాటా ఒకటి గింజలు దులిపి టమాటలతో ఉడికించి మిక్సీ పట్టండి, ఏ రంగూ కలపకుండానే సూప్ ఎర్రగా మెరుస్తుంది, చిన్న పిల్లలు కూడా తాగగలిగేంత కారమే ఉంటుంది. చివర్లో అర చెంచా వెన్నో, నెయ్యో తప్పకుండా వేయండి, టమాటలోని ఎర్రటి పదార్థం లైకోపీన్‌ను మన ఒళ్లు బాగా పట్టుకోవాలంటే అది ఉడకాలి, కొవ్వు తోడుండాలి. పచ్చి టమాట రసం తాగడం కంటే ఈ ఒక్క విషయంలో సూప్ నయం.

గుమ్మడికాయ టమాటకు గట్టి పోటీ. బతుకమ్మ రోజుల నుంచే మార్కెట్‌కు వస్తుంది, కోయని కాయ ఇంట్లో ఓ మూలన నెలల తరబడి చెడకుండా ఉంటుంది, కోసిన ముక్క మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. పులుపు పడనివాళ్లకు, గుండెల్లో మంట ఉన్నవాళ్లకు టమాట వద్దు, గుమ్మడి పెట్టండి. తీపి ఎక్కువైందనిపిస్తే శొంఠి, మిరియాలు, వేయించిన జీలకర్ర పొడి దాన్ని దారిలో పెడతాయి. సంవత్సరం దాటిన పిల్లల నుంచి పళ్లు లేని ముసలివాళ్ల దాకా అందరికీ సరిపోయేది ఇదొక్కటే, ఇంటికంతా ఒకే గిన్నె పెట్టాలనుకుంటే గుమ్మడి వైపే మొగ్గండి.

పాలకూర సూప్ చాలామంది పాడుచేసేది ఎక్కువ ఉడికించడం వల్ల. మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, తీసి చల్లటి నీళ్లలో ముంచితే పచ్చదనం నిలుస్తుంది. ఎల్లిపాయ నేతిలో వేయించి, దానితో కలిపి మెత్తగా పట్టి, కాచిన పాలు అర గ్లాసు పోస్తే క్రీమ్ అక్కర్లేదు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం పాలకూర, బీట్‌రూట్ రెండూ తగ్గించాలి, వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ. పాలకూర బదులు పుంటికూర వేద్దామా అని అడుగుతుంటారు, వద్దు, ఆ పులుపుకు పాలు విరుగుతాయి, పుంటికూరను పప్పుకే ఉంచుకోండి.

గోబీ సూప్ రుచికి బాగుంటుంది కానీ గ్యాస్ చేస్తుంది, సాయంత్రం ఆరు లోపల తాగితే నయం. పువ్వులను ఉప్పు, పసుపు వేసిన వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచకుండా మాత్రం వండొద్దు.

చలికాలంలో ఎవరూ పట్టించుకోని రకం ఒకటి చెప్తాను. సంక్రాంతి ముందు పచ్చి కందికాయలు వస్తాయి కదా, ఉప్పు వేసి ఉడకబెట్టుకుని తింటాం. ఆ గింజలు ఒలిచి, ఒక గ్లాసు గింజలకు నాలుగు గ్లాసుల నీళ్లు పోసి మూడు విజిల్స్ రానిచ్చి, సగం మెదిపి సగం అలాగే వదిలేసి, ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిర్చి పోపు పెట్టండి. పైన కొత్తిమీర. టమాట సూప్ తాగితే గంటకే ఆకలేస్తుంది, ఇది తాగితే రాత్రికి ఒక్క జొన్నరొట్టె చాలు. బరువు తగ్గాలని రాత్రిపూట అన్నం మానేసి ఉత్త సూప్ తాగేవాళ్లు ఇలాంటిదే ఎంచుకోవాలి. పప్పో, గింజలో లేని సూప్‌ను భోజనం కింద లెక్కేస్తే అర్ధరాత్రి ఫ్రిజ్ తెరవాల్సి వస్తుంది.

మృగశిర పెట్టి వానలు మొదలైతే లెక్క మారిపోతుంది. ఆకుకూరలకు బురద, పురుగు ఎక్కువ, కట్ట కొంటే సగం పారేయాలి, కాబట్టి పాలకూర సూప్‌ను ఈ రోజుల్లో పక్కన పెట్టేయడమే మంచిది. ఎంచుకోవాల్సింది మక్క కంకి, మునగాకు, ఉలవలు, పుట్టగొడుగుల మధ్య.

మక్కలు మన జిల్లాల పంట, ఆగస్టు వచ్చిందంటే రోడ్ల పొంటి బొగ్గుల మీద కాల్చి అమ్ముతుంటారు. సూప్‌కు స్వీట్‌కార్నా, మామూలు మక్కనా అంటే, టైమ్ లేనివాళ్లకు స్వీట్‌కార్న్ సులువు, రెండు విజిల్స్‌కు ఉడుకుతుంది, కానీ తీపి ఎక్కువ, చిక్కదనానికి మళ్లీ కార్న్‌ఫ్లోర్ కావాలి. మామూలు మక్క లేత కంకి తెచ్చుకోండి, గోటితో గుచ్చితే పాలు రావాలి. అయిదారు విజిల్స్ పడుతుంది కానీ సగం గింజలు రుబ్బి కలిపితే ఇంకేం వేయకుండానే చిక్కబడుతుంది, రుచి కూడా మక్కలా ఉంటుంది. గింజలు ఒలిచాక మిగిలిన బెండును పారేయకండి, రెండు ముక్కలు చేసి గింజలతోపాటే ఉడికించి తర్వాత తీసేయండి, సూప్‌కు వచ్చే ఆ కమ్మదనం ఏ మసాలాతోనూ రాదు. అల్లం సన్నగా తరిగి వేసి, మిరియాలు కాస్త ఎక్కువ దంచి వేస్తే ముసురు పట్టిన సాయంత్రానికి ఇంతకు మించింది లేదు.

ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దవాళ్లు చెప్పేది సూప్‌తో సులువుగా తీరుతుంది. ఈనెలు లేకుండా ఆకు దూసి, రెండు గుప్పెళ్ల ఆకుకు ఒక గుప్పెడు పెసరపప్పు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు. పప్పు ముందు ఉడకాలి, ఆకు చివర్లో వేసి మూత పెట్టకుండా ఏడెనిమిది నిమిషాలు. ముదురు ఆకైతే చేదు, లేతది ఏరుకోండి. జ్వరం వచ్చి తగ్గినవాళ్లకు నేనైతే మక్క కంటే దీన్నే చెప్తాను, కారం లేకుండా, పలచగా. ఈ కాలంలో డెంగీ ఎక్కువ కదా, ఏ ఆకు సూప్ తాగినా రక్తకణాలు పెరుగుతాయని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం ఆపొద్దు. నీరసానికి సూప్ ఆసరా, జబ్బుకు మందు వేరే.

ఉలవ కట్టు బలమైనది, రాత్రి నానబెట్టి పొద్దున కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, వార్చిన నీళ్లలో కొంచెం చింతపండు రసం, దంచిన మిరియాలు, ఎల్లిపాయ వేసి మరిగిస్తారు. గింజలు గుగ్గిళ్లకు పోతాయి, వృథా లేదు. అయితే వారానికి ఒకసారి మించి వద్దు, కడుపులో మంట ఉన్నవాళ్లకు అసలే పడదు.

పుట్టగొడుగుల విషయంలో ఖచ్చితంగా ఉండండి. దుకాణంలో దొరికే బటన్, ముత్యపు చిప్ప రకాలతో సూప్ బ్రహ్మాండంగా వస్తుంది, ముక్కలు నీళ్లు వదిలి ఆ నీళ్లు ఇగిరేదాకా వేయించాక నీళ్లు పోయడం ఒక్కటే కిటుకు. చేల గట్ల మీద మొలిచినవి తెలిసిన పెద్దవాళ్లు చూసి ఇవ్వకపోతే ఇంట్లోకే తేవద్దు. విషపు రకం ఎంత ఉడికించినా విషమే.

ఇక ఎండాకాలం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటారు, అలాంటి మధ్యాహ్నం పొగలు కక్కే సూప్ ఎవరికి కావాలి? నిజం చెప్పాలంటే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట సూప్‌ను పచ్చిపులుసు, జొన్న అంబలి, చల్ల ఓడిస్తాయి, వాటి జోలికి సూప్ పోకూడదు. సూప్‌కు మిగిలేది సాయంత్రం, ఎండలో తిరిగొచ్చి అన్నం సయించని పూట, అదీ గోరువెచ్చగానో చల్లగానో.

అందులో సొరకాయదే మొదటి స్థానం. నూటికి 95 పాళ్లు నీళ్లే కాబట్టి కుక్కర్‌లో అర గ్లాసుకు మించి నీళ్లు పోయక్కర్లేదు, రెండు విజిల్స్, మిక్సీ, జీలకర్ర పొడి, ఉప్పు, దింపాక నిమ్మరసం. మరిగేటప్పుడు నిమ్మరసం వేస్తే సి విటమిన్ కొంత పోతుంది, రుచి కూడా మారుతుంది. వండే ముందు ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి, చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. కొంచెం చేదే కదా అని వండొద్దు, చేదు సొరకాయలోని కుకుర్బిటాసిన్లు అనే విషపు పదార్థాలు వండితే పోవు, వాంతులు, విరేచనాలు అయి ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు.

బీరకాయ రుచికి సొరకాయ కంటే ఒక మెట్టు పైనే, సహజంగా తియ్యగా ఉంటుంది, పొట్టుతో పచ్చడి కూడా అవుతుంది. ఉడికితే మాత్రం పిడికెడవుతుంది, నలుగురికి కిలో దాకా కావాలి. ఎండలు మొదలయ్యే రోజుల్లో మునక్కాయలు దండిగా ఉంటాయి, ముక్కలు ఉడికించి చెంచాతో గుజ్జు గీకి తీసి పలచటి సూప్ చేయొచ్చు, పని ఎక్కువ, రుచి అంతకంటే ఎక్కువ, ఆదివారానికి పెట్టుకోండి. స్టవ్ ముందు నిలబడలేని రోజు కీరా: తురిమి, చిలికిన పెరుగులో కలిపి, పుదీనా, ఉప్పు, వేయించిన జీలకర్ర, కాసిన్ని చల్లటి నీళ్లు. కుండ నీళ్లయితే ఇంకా బాగుంటుంది. ఇది వండేది కాదు కాబట్టి కీరాను ఉప్పు నీళ్లలో కడగడం, తాజా పెరుగు వాడటం తప్పనిసరి, చేసిన గంటలోపే తాగేయాలి.

ఎండాకాలం ఏ సూప్ అయినా బయట గంటకు మించి ఉంచకండి, మిగతా కాలాల్లో రెండు గంటలు. పొద్దున చేసి సాయంత్రం వేడి చేసుకునే అలవాటుంటే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, తాగే ముందు బాగా మరగాలి.

వండే పద్ధతిలో కుక్కరా, గిన్నెనా అన్న ప్రశ్నకు పెద్ద చర్చ అక్కర్లేదు. గుమ్మడి, క్యారెట్, మక్క, కందిగింజలకు కుక్కర్, ఆకులకు మూత లేని గిన్నె. మిక్సీ దగ్గర మాత్రం తొందరపడొద్దు, వేడివేడి సూప్ జార్ నిండా పోసి తిప్పితే ఆవిరికి మూత ఎగిరి మొహం మీద పడుతుంది, చల్లార్చి సగం జారే పోయండి. వడకట్టడం టమాటకు ఒక్కదానికే, అదీ తొక్కలు, గింజలు పడని పిల్లలుంటేనే. మిగతావి వడకడితే పీచు మొత్తం చెత్తలోకి పోతుంది, షుగర్ ఉన్నవాళ్లకు కావాల్సింది ఆ పీచే. బీపీ ఉన్న ఇంట్లో ఉప్పు సగం వేసి మిగతా సగం రుచి నిమ్మ, మిరియాలు, వేయించిన జీలకర్రతో తెచ్చుకోవచ్చు. ఏడాది లోపు పిల్లలకు తీసే భాగంలో ఉప్పు అసలు వేయొద్దు.

ప్యాకెట్ సూప్ వాడాలా వద్దా అంటే, ప్యాకెట్ వెనక పదార్థాల వరుస చదవండి, ఎక్కువ ఉన్నది ముందు రాయాలి అన్నది నియమం. చాలావాటిలో పిండి, చక్కెర, ఉప్పు ముందు వరుసలో ఉంటాయి, కూరగాయలు ఎక్కడో చివర ఎండు ముక్కలుగా ఉంటాయి. హాస్టల్‌లో ఉండే పిల్లలకు, ప్రయాణాలకు అప్పుడప్పుడు సరే. ఇంట్లో ఉండి, టైమ్ లేక ప్యాకెట్ కొనేవాళ్లకు ఇంకో దారి ఉంది. జనవరిలో టమాట చవకైనప్పుడు అయిదు కిలోలు తెచ్చి, ఉడికించి, మిక్సీ పట్టి, వడకట్టి, నీళ్లు ఇగిరి గుజ్జయ్యేదాకా మరిగించండి. చల్లారాక ఐస్ ట్రేల్లో పోసి గడ్డకట్టాక కవర్లలో వేసి ఫ్రీజర్‌లో దాచుకోండి. రెండు మూడు నెలలు హాయిగా నిలుస్తుంది, నాలుగు గడ్డలు, రెండు గ్లాసుల నీళ్లు, పది నిమిషాల్లో సూప్ తయారు. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లో ఉంటే ఒక నెలకు సరిపడా మాత్రమే చేసుకోండి, కరిగిపోయినదాన్ని మళ్లీ గడ్డకట్టించకుండా ఆ రోజే వాడేయండి.